చెరువులో కలిపింది చేనికే వస్తుంది

వినాయక చవితి భాద్రపదంలో వస్తుంది. రాప్తాడు మెట్ట ప్రాంతంలో అది మామూలు నెల కాదు. వర్షచ్ఛాయలో పడిన అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమే, అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. వేసవంతా బీటలు వారిన చెరువుల్లో, కుంటల్లో నాలుగు చుక్కల నీళ్లు చేరే వేళకే మనం నిమజ్జనానికి బయల్దేరుతాం. జీవాలు తాగాల్సింది ఆ నీళ్లే, ఇంకి బోర్లను నిలబెట్టాల్సిందీ ఆ నీళ్లే. గోదావరిలో అయితే ప్రవాహం కొంత మోసుకుపోతుంది. ఇక్కడ వంకలు పారేదే ఏడాదిలో కొన్నాళ్లు. నిలిచిన నీరు ఎండకు ఇగిరేకొద్దీ అందులో కరిగినవన్నీ చిక్కబడతాయి. అందుకే మట్టి విగ్రహం పట్నం వాళ్ల ముచ్చట అనుకోవడం పొరపాటు. నీళ్లు తక్కువున్న చోటే దాని అవసరం ఎక్కువ.

ఇక్కడి రైతు ఒక మంచి ప్రశ్న అడగొచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే కాల్చిన జిప్సమే కదా, వేరుశెనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం మనమే చల్లుతున్నాం కదా, అదే చెరువులో పడితే తప్పేమిటి? చేనిలో జిప్సం పొడిగా పడుతుంది, తడి నేలలో కరిగి కాయకు కాల్షియం, గంధకం అందిస్తుంది. విగ్రహంలో అది గడ్డకట్టి ఉంటుంది, నెలల తరబడి మెల్లగా కరుగుతూ నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. అసలు ముప్పు మాత్రం పైపూతది. మెరిసే పసుపు, ఎరుపు రసాయన రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు ఉండొచ్చు. అవి కుళ్లవు, ఆవిరి కావు, అడుగున ఒండ్రులో కూర్చుంటాయి. మన రైతులు వేసవిలో ట్రాక్టర్లతో చేలకు తోలుకునేది ఆ ఒండ్రునే. భాద్రపదంలో చెరువుకు ఇచ్చిన రంగు చైత్రానికి శెనక్కాయల చేనిలోకి చేరే దారి అది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో ప్లాస్టర్ విగ్రహాలు, విష రంగులు వద్దన్నది ఇందుకే. మురుగు, పురుగుమందులు చెరువును ఇంతకంటే ఎక్కువ పాడుచేస్తున్నాయన్న మాట నిజమే కావచ్చు. కానీ వాటిని ఆపడానికి పంచాయతీ, ప్రభుత్వం కదలాలి. విగ్రహం ఎంపిక మాత్రం పూర్తిగా ఇంటివాళ్ల చేతిలోనే ఉంది.

ఈ పండుగ మొదటి నుంచీ మెట్టనేలకు సరిపోయేలాగే ఉంది. పూజకు చెప్పిన ఇరవై ఒక్క పత్రిలో గరిక, జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, రేగు, వావిలి, జమ్మి ఉన్నాయి. అన్నీ నీళ్లు పోయకుండానే గట్ల మీద, వంకల పక్కన బతికేవి. పిల్లలను వెంటబెట్టుకుని వెతికితే సగం పత్రి ఊరి పొలిమేరలోనే దొరుకుతుంది. కొమ్మలు విరవకుండా గుప్పెడాకులు కోస్తే చాలు. దేవుడికి చెరువు మట్టి, నైవేద్యానికి ఉండ్రాళ్లు. జానెడు విగ్రహాన్ని బకెట్టు నీళ్లలో కరిగించి, ఆ నీళ్లు పెరట్లో చెట్టుకు పోస్తే చెరువు దాకా పోయే పనే లేదు. థర్మాకోల్ మండపానికి ఇందులో ఏ పాత్రా లేదు.

వీధి మండపం పెట్టే యువకులకు ఇది చిన్నగా, చప్పగా కనిపించవచ్చు. వాళ్ల కోరికను కొట్టిపారేయలేం. 1893లో తిలక్ ఈ పండుగను వీధిలోకి తెచ్చిందే జనాన్ని ఒకచోట చేర్చడానికి. కానీ భారీతనానికి ప్లాస్టరే కావాలన్న వాదన 2022లో వీగిపోయింది: ఆ ఏడు ఖైరతాబాద్‌లో 50 అడుగుల గణపతిని మట్టితోనే నిలబెట్టారు. మన ఊరికి అంత ఎత్తు అక్కర్లేదు. వీధికొకటి బదులు ఊరికొకటి పెట్టినా జనం కూడతారు, ఇంకా ఎక్కువే కూడతారు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం బతుకుతెరువుది. రోడ్ల పక్కన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి బొమ్మలు చేసే కుటుంబాలు పండుగ ముందరి నాలుగు నెలల సంపాదన మీదే ఆధారపడతాయి. చవితి ముందు రోజు నిషేధమని చెప్పి విగ్రహాలు పట్టుకుపోవడం అన్యాయం. వాళ్ల చేతికి మట్టి పని కొత్తేమీ కాదు, కావలసింది ముందుగా చెప్పే కొనుగోలుదారు. మట్టి బొమ్మ నీడలో మెల్లగా ఆరాలి, తొందరపెడితే పగులుతుంది. వానలు పట్టాక అడిగితే ఎవరూ చేసివ్వలేరు. చెరువు ఎండి ఉండే మే నెలలోనే ఒండ్రు తవ్వించి, కుమ్మరికో, బొమ్మలు చేసేవారికో మండపం కమిటీ, ఇంటింటివాళ్లు కలిసి బయానా ఇవ్వాలి. పూడిక తీసిన చెరువులో నాలుగు కడవల నీళ్లు ఎక్కువ నిలుస్తాయి కూడా.