ఒక్క వరుసే వస్తుందనుకుంది

మా ల్యాబ్‌లో రెండు సర్వర్లున్నాయి. ఒకే ప్రాసెసరు, అంతే మెమొరీ, ఒకే వెర్షన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్. మొదటిదాంట్లో ఉన్న హాజరు డేటాబేస్‌ని డంప్ తీసి రెండోదాంట్లో ఎక్కించాం. ఎక్కించిన వెంటనే రెండింటి మీదా ఒకే క్వెరీ నడిపితే మొదటిది అరసెకనులో జవాబిచ్చింది, రెండోదానికి పదిహేను సెకన్లు పట్టింది. మళ్లీ నడిపినా అంతే. "డేటా ఒకటే కదా సార్, మరి దీనికేమైంది?" అంది మూడో సంవత్సరం చదివే ఒకమ్మాయి.

డిస్కులు చూశాం, సెట్టింగులు పోల్చాం. ఏ తేడా లేదు. అప్పుడు క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అని చేర్చి నడిపాం. అలా నడిపితే డేటాబేస్ తాను ఏ దారిన వెళ్లిందో చెబుతుంది, ఎన్ని వరుసలు వస్తాయనుకుందో, నిజంగా ఎన్ని వచ్చాయో పక్కపక్కనే చూపిస్తుంది. రెండో సర్వర్‌లో అనుకున్నది 1. వచ్చినవి 40 వేలు.

ఈ అంచనా వేసే భాగాన్ని ప్లానర్ అంటారు. డేటాబేస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్ భాషలో మనం ఏం కావాలో చెబుతాం, ఎలా తేవాలో చెప్పం. 1970లో ఐబీఎం శాన్ హోసే ల్యాబ్‌లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతికి ఇదే ప్రాణం. కానీ దారి చెప్పకపోతే మంచి దారిని యంత్రమే వెతుక్కోవాలి. పది టేబుళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా కలపడానికి 36,28,800 క్రమాలున్నాయి. అన్నీ చూస్తూ కూర్చుంటే క్వెరీ కన్నా ఆలోచనకే ఎక్కువసేపు పడుతుంది.

అదే ఐబీఎం ల్యాబ్‌లో సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ మీద పనిచేసిన ప్యాట్రీషియా సెలింజర్ బృందం 1979లో దీనికి జవాబు చెప్పింది. మూడు టేబుళ్లను చౌకగా కలిపే దారి ఒకసారి తేలిందా, నాలుగోదాన్ని చేర్చేటప్పుడు ఆ మూడింటి సంగతి మళ్లీ తవ్వక్కర్లేదు. అలా చిన్న గుంపుల నుంచి పెద్ద గుంపులకు వెళ్తే పది టేబుళ్లకు చూడాల్సిన గుంపులు 1,023 మాత్రమే. నన్ను ఇప్పటికీ ముగ్ధుణ్ణి చేసే మెలిక ఇంకొకటుంది. వరుసలు క్రమంలో పేర్చినట్టు వచ్చే దారి ఏదైనా ఉంటే, కాస్త ఖర్చెక్కువైనా దాన్ని పారేయరు. ముందు ముందు పనికొస్తుందని దాచుకుంటారు.

ఖర్చు లెక్కకు ఆధారం ఎన్ని వరుసలు వస్తాయన్న అంచనా. పెళ్లివంట చేసేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని విస్తళ్లు లేస్తాయనే కదా. టేబుల్ గురించి ఏమీ తెలియనప్పుడు సెలింజర్ బృందం ఊహతో సరిపెట్టింది: 'దీనికి సమానం' అంటే పదోవంతు వరుసలు, 'దీనికన్నా ఎక్కువ' అంటే మూడోవంతు. ఆ మూడోవంతుకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదని, అది 'సమానం' ఊహ కన్నా ఎక్కువగా, సగం కన్నా తక్కువగా ఉండటమే ముఖ్యమని వాళ్లే రాసుకున్నారు. షరతులు రెండు మూడుంటే ఆ భిన్నాలను హెచ్చవేయడమే.

మా రెండో సర్వర్ దెబ్బతిన్నది ఇక్కడే. డంప్‌తో వరుసలు వచ్చాయి గానీ, వాటి గురించి మొదటి సర్వర్ పోగుచేసుకున్న గణాంకాలు రాలేదు. గణాంకాలు లేని కాలమ్‌లో 200 రకాల విలువలుంటాయని పోస్ట్‌గ్రెస్ అనుకుంటుంది. మా క్వెరీలో బ్రాంచి, సెమిస్టరు, హాజరు గుర్తు అని మూడు షరతులు. హాజరు టేబుల్‌లోని 20 లక్షల వరుసలను మూడుసార్లు 200తో భాగిస్తే పావు వరుస! దాన్ని ఒకటి చేసింది. ఒక్క వరుసకైతే, దానికి జత వెతకడానికి విద్యార్థుల టేబుల్‌ని ఒకసారి మొదటి నుంచి చివరిదాకా తిరగేస్తే చాలు, ఏర్పాట్లెందుకు అనుకుంది. తీరా వచ్చినవి 40 వేలు. ప్రతిదానికీ 4,000 మంది జాబితాను తిరగేస్తూ 16 కోట్ల పోలికలు చేసింది పాపం. మొదటి సర్వర్ ఆ 4,000 పేర్లను పోస్టాఫీసులో ఉత్తరాలను గళ్లలో సర్దినట్టు ఒక్కసారి సర్దుకుని, ఒక్కో వరుసకు నేరుగా ఆ గడిలోకే వెళ్లింది.

ఎనలైజ్ అని ఒక్క ఆదేశం ఇచ్చాం. అది మామూలుగా 30,000 వరుసల్ని నమూనాగా ఏరి, ఏ విలువ ఎంత తరచుగా వస్తోందో రాసుకుంటుంది. ఈసారి అంచనా 40 వేల దరిదాపుల్లోకి వచ్చింది, దారి మారింది, రెండో సర్వర్ కూడా అరసెకనులో ముగించింది.

సెలింజర్ పద్ధతికి ఆ రోజుల్లోనే ఒక పోటీ ఉండేది. బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ కట్టిన ఇంగ్రెస్ అనే డేటాబేస్ అంతా ముందే తేల్చుకునేది కాదు. కొంత పని చేసి, వచ్చిన వరుసలు చూసుకుని, తర్వాతి అడుగు వేసేది. మా క్వెరీ దాని చేతిలో పడితే 40 వేలు కళ్లముందు కనబడేవి కాబట్టి ఇంతగా మోసపోయేది కాదనిపిస్తుంది. గెలుపు మాత్రం ముందే తేల్చుకునే పద్ధతిదే. ఇంగ్రెస్ వారసుడిగా పుట్టిన పోస్ట్‌గ్రెస్ కూడా చివరికి సెలింజర్ దారే పట్టింది. తర్వాత ఆరకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లు అంచనా తప్పితే నడుమలో దారి మార్చుకోవడం నేర్చాయి, పోస్ట్‌గ్రెస్ 2025లో వచ్చిన 18వ వెర్షన్‌లో అప్‌గ్రేడ్ చేసినప్పుడు గణాంకాలనూ వెంట తీసుకెళ్తోంది.

ఆ అమ్మాయికి ఆ సాయంత్రం పోస్ట్‌గ్రెస్ సోర్స్ కోడ్‌లో ఒక చిన్న హెడర్ ఫైలు తెరిచి చూపించాను. 'ఎక్కువ', 'తక్కువ' అన్న షరతులకు ఏ ఆధారమూ లేనప్పుడు వాడే అంకె అందులో ఉంది: సున్నా, చుక్క, ఆ తర్వాత వరుసగా మూడులు. సెలింజర్ బృందం ఊహించిన మూడోవంతే.