సేంద్రియ కూరగాయలు - వాటి వెల

కొన్నేళ్ళ క్రితం వరకు మన మలేసియాలో సేంద్రియ కూరగాయలు కావాలంటే వాటికని ప్రత్యేకించిన దుకాణాలు వెదుక్కోవలసి వచ్చేది. నేడు కౌలాలంపూర్ చుట్టుపట్ల పెద్ద అంగళ్ళలో అవి మామూలు కూరల ప్రక్కనే కనబడుతున్నవి. అయితే వెల తరచు రెండింతలు. కొద్దిపాటి జీతంతో సంసారం నడుపుకొనే మనవారు ఆ వెల చూచి తిరిగి పెట్టేస్తున్నారు. వెల ఎందుకు ఎక్కువో తెలిస్తే, ఏది కొనవచ్చో ఏది మానవచ్చో మనమే నిర్ణయించుకోగలం.

సేంద్రియ వ్యవసాయంలో రసాయనిక ఎరువులు, కలుపు మందులు వాడరు. పశువుల ఎరువు, ఆకుచెత్త కుళ్ళిన ఎరువు వేస్తారు. కలుపు చాలవరకు చేతితో తీయాలి. ఆ పని ఎంత ప్రయాసమో తోటల్లో పుట్టి పెరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. కూలి ఖర్చు కలిసివస్తుందనే రబ్బరు, పామాయిలు తోటల్లో కలుపు మందు చల్లించారు. ఆ మందు డబ్బాలు వీపున మోసినవారిలో మన తల్లులు, అక్కలు ఉన్నారు. పారాక్వాట్ అనే విషపు మందును నిషేధిస్తామని ప్రభుత్వం 2002లో ప్రకటించింది. 2006లో సడలించింది. చివరకు 2020 జనవరి 1 నుండి పూర్తిగా నిషేధించింది. తోటలకు మిగిలిన ఆ కూలి ఖర్చును మనవారు ఆరోగ్యంతో చెల్లించారు.

సేంద్రియ కూరకు మనం అధికంగా ఇచ్చేదానిలో ముఖ్యమైనది ఆ చేతిపని కూలియే. దిగుబడి తక్కువ కావడం, త్వరగా వాడిపోయే సరుకును కొద్దికొద్దిగా దూరం నుండి తేవడం తక్కిన కారణాలు.

ఇంత వెల పెట్టేటప్పుడు పొట్లం మీద పేరు చూచి మోసపోరాదు. ఇక్కడ పండిన సరుకైతే, వ్యవసాయ శాఖ తనిఖీ చేసి ఇచ్చే ‘మైఆర్గానిక్’ గుర్తు ఉన్నదేమో చూడాలి. 1985లో మొదలైన పసార్ తానీ సంతల్లో రైతులే నేరుగా అమ్ముతారు గనుక కొంత చౌకగా దొరకవచ్చు. కాని అక్కడివన్నీ సేంద్రియం కావు. ఏ మందు కొట్టారో అడిగి కొనడం మంచిది.

అన్నీ సేంద్రియమే కొనాలని లేదు. మామూలు కూరలను ధారగా పారే నీటిలో బాగా కడిగి వండుకోవచ్చు. వెలకు భయపడి కూరలే తగ్గించడం అన్నిటికంటె నష్టం.

ఇక గోంగూర, మునగ, కరివేపాకు, బయం ఆకు మన పెద్దలు లైను ఇళ్ళ వెనుక పెంచుకొన్నవే. ఫ్లాటులో ఉన్నవారికి కూడ రెండు కుండీల చోటు దొరుకుతుంది. ముందు కరివేపాకుతో మొదలుపెట్టి చూడవలసిందని మా మనవి.