కాన్సెంటస్ మ్యూజికస్ వీన్

కాన్సెంటస్ మ్యూజికస్ వీన్ ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందిన వాద్యబృందము. బరోక్ యుగపు (సుమారు 1600-1750) ఐరోపా సంగీతాన్ని ఆ కాలపు వాద్యాలపైనే వినిపించడం ద్వారా ఇది ప్రసిద్ధి చెందినది.

చరిత్ర

వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో సెల్లో వాద్యకారుడైన నికొలాస్ హార్నన్‌కోర్ట్ (1929-2016), ఆయన భార్య, వయొలిన్ విద్వాంసురాలు ఆలిస్, కొందరు సహచరులు కలిసి 1953లో దీనిని స్థాపించారు. దీర్ఘకాల పరిశోధన, సాధనల తరువాత 1957లో మొదటి బహిరంగ కచేరీ చేశారు. బాఖ్ రచించిన సుమారు 200 చర్చి కాంటాటాలను (గానరచనలను) గుస్తావ్ లియోన్‌హార్ట్ బృందంతో పంచుకొని 1971-1989 మధ్య రికార్డు చేశారు. 2015 డిసెంబరులో హార్నన్‌కోర్ట్ విరమించారు.

వాద్యాలు

ద్వారం వెంకటస్వామి నాయుడు వాదనం వలన తెలుగువారికి సుపరిచితమైన వయొలిన్‌నే ఉదాహరణగా తీసుకొనవచ్చును. బరోక్ వయొలిన్‌కు గొర్రె పేగులతో చేసిన తంత్రులుంటాయి. కమాను పొట్టిది, తేలికైనది. అందువలన నాదం మృదువుగా ఉంటుంది. శ్రుతి కూడా తక్కువే. నేటి ప్రమాణంలో 'ఎ' స్వరానికి సెకనుకు 440 కంపనాలు కాగా, బరోక్ బృందాలు సాధారణంగా 415 పాటిస్తాయి.

ప్రాముఖ్యత

బాఖ్ రెండవ బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోలో ట్రంపెట్, ఓబో, వయొలిన్, వేణువును పోలిన రికార్డర్ ప్రధాన వాద్యాలు. నేటి ట్రంపెట్ ధాటికి రికార్డర్ నాదం సులభంగా మరుగున పడుతుంది. పాత ట్రంపెట్‌తో నాలుగింటికీ సమతూకం కుదురుతుంది. అయితే పాత వాద్యం చేతికి వచ్చినంత మాత్రాన గతం తిరిగి రాదనీ, సంగీతం నేటి శ్రోతకు సజీవంగా అందవలెననీ హార్నన్‌కోర్ట్ అభిప్రాయము.