మినిస్ట్రెల్ – ఒక మాట వెనుక కథ

మన వార్షికోత్సవానికి మినిస్టర్ గారు వస్తే వేదిక మీద కూర్చుంటారు. స్వాగత గీతం పాడేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు కింద నిలబడతారు. కానీ ఇంగ్లీషులో ‘మినిస్టర్’, పాటగాడు అనే అర్థం ఉన్న ‘మినిస్ట్రెల్’ ఒకే తల్లి పిల్లలని మీకు తెలుసా?

ఆ తల్లి లాటిన్ మాట ‘మినిస్టర్’. అర్థం సేవకుడు. లెక్కల్లో మనం వాడే ‘మైనస్’కూ దీనికీ చుట్టరికం ఉంది, అంటే తక్కువవాడు అని. ఎక్కువవాడు ‘మాజిస్టర్’. మన ‘మాస్టారు’ ఆ మాట నుంచి వచ్చిందే.

రాజుగారి సేవకుడు కాలక్రమంలో మంత్రి అయ్యాడు. ప్రభువుల ఇళ్లలో పాడే సేవకుడు ఫ్రెంచిలో ‘మెనెస్త్రెల్’ అయ్యాడు. ఆ మాట 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో గారడీవాళ్లను కూడా అలాగే పిలిచేవారు. తర్వాత సంగీతకారుడు అనే అర్థం స్థిరపడింది.

1469లో ఇంగ్లండు రాజు నాలుగో ఎడ్వర్డ్ తన ఆస్థాన మినిస్ట్రెల్స్ సంఘానికి అధికారపత్రం ఇచ్చాడు. 1572లో వచ్చిన చట్టం మాత్రం ప్రభువుల అండ లేని మినిస్ట్రెల్స్‌ను దేశదిమ్మరుల్లో కలిపేసింది. పట్టుబడితే కొరడా దెబ్బలు, కుడిచెవికి కాల్చిన ఇనుముతో రంధ్రం. పాట మారలేదు. అండ పోయింది, అంతే.

అమెరికాలో ఈ మాటకు ఇంకో గతి పట్టింది. 1843లో న్యూయార్క్‌లో ‘వర్జీనియా మినిస్ట్రెల్స్’ పేరుతో నలుగురు తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని, నల్లజాతివారిని వెక్కిరిస్తూ ప్రదర్శన ఇచ్చారు. అంతకుముందే అలాంటి ఆటల్లో పేరుపొందిన పాత్ర ‘జిమ్ క్రో’. నల్లవారిని వేరు చేసి ఉంచిన చట్టాలకు తర్వాత ఆ పేరే వచ్చింది.

ఎం.ఏ.లో ఈ మాట చరిత్ర చదువుతుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన డప్పు కొడతాడు. హాస్టల్లో చేరిన రోజు దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర ‘కూలి’ అని రాశాను. కూలికి పోయేమాట నిజమే. కానీ డప్పు మాట కావాలనే దాచాను. తోటివాళ్లు నవ్వుతారని భయం.

ఇప్పుడు అర్థమైంది. చిన్నతనం డప్పులో లేదు, చూసేవాళ్ల చూపులో ఉంది. సేవకుడు అనే ఒకే మాట నుంచి ఒకరికి కుర్చీ, ఒకరికి కొరడా దక్కాయంటే తప్పు మాటది కాదు కదా!

తమ్ముళ్లారా, డిక్షనరీలో అర్థం చూసి పుస్తకం మూసేయకండి. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లో ఎలా మారిందో కూడా చూడండి.

ఈసారి వార్షికోత్సవానికి మా నాయనను రమ్మన్నాను. డప్పు కూడా తెమ్మన్నాను.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఇంగ్లీషు)