ఎదుటివారి కన్ను చెదరని వెలుగు
జపానునుండి ఆస్ట్రేలియాకు దిగుమతియైన పాతకార్లు కొన్నిటికి జెనాన్ దీపములను తొలగించి హాలోజన్ దీపములను బిగించి యుండిరి. కారణ మేమనగా, జెనాన్ బల్బు సుమారు 3,200 ల్యూమెనుల కాంతి నిచ్చును; హాలోజన్ బల్బు 1,500 మాత్రమే. 2,000 మించిన దీపమునకు అద్దము కడుగు సాధనమును, బరువుచే బండి వెనుక క్రుంగినను వెలుగును తనంతట దించు సాధనమును ఉండవలెనని నియమము.

పిమ్మట కొందఱు మరల జెనాన్ కోరుదురు. హాలోజన్ తీగకై మలచిన దీపపుగిన్నెలో జెనాన్ బల్బును దూర్చరాదు. వెలుగు చెదరి యెదుటివారి కన్నులు మిరుమిట్లు గొనును. ఆ రెండు సాధనములతోగూడ దీపము మొత్తమును నిపుణునిచే మార్పించి పరీక్ష చేయింపవలెను. వెలిగించునపుడు 20,000 వోల్టులు పైబడును గనుక స్వయముగా చేయి పెట్టరాదు.

మనకు దారి కనబడిన చాలదు. ఎదుట బిడ్డలతో వచ్చు తల్లికిని కనబడవలెను.