చంచలబాలురు – తోడివారి వేధింపు



మాకు పరిచితురాలగు నొక యిల్లాలు నాకడకు వచ్చి, "అక్కగారూ, మావానికి వైద్యుడిచ్చిన మాత్రలు లెక్కకు తక్కువగుచున్నవి. అడిగిన నేడ్చునే గాని చెప్పడు" అని కంటతడి పెట్టెను. బుజ్జగించి యడుగగా బాలుడు నిజము చెప్పెను. పరీక్షలకు మేలుకొని చదువుటకై పై తరగతివారు వానిని బెదరించి యా మాత్రలు గైకొనుచుండిరి. ఈయకున్న "పిచ్చిమందు తినువాడు" అని పదుగురిలో నెగతాళి చేయుచుండిరట.

ఆ బాలుని రుగ్మతను ఏడీహెచ్‌డీ యందురు. చిత్తమొకచోట నిలువకుండుట, కుదురుగా గూర్చుండలేకుండుట, ఆలోచింపక తొందరపడుట దీని లక్షణములు. ఇది పెంపకపు దోషము గాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. యశోద రోటికి గట్టినను కృష్ణుని చాపల్య మడగలేదు గదా! దండనమువలన నిదియు నడగదు.

1937వ సంవత్సరమున అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ యను వైద్యుడు ఉత్తేజకౌషధ మిచ్చి చూడగా, చంచలబాలురలో పెక్కురు కుదురుగా చదువుకొనిరి. నేడు వాడబడు మిథైల్‌ఫెనిడేట్ ఆ కోవలోనిదే. అది మెదడులో డోపమైన్ మొదలగు పదార్థముల పనిని హెచ్చించి యవధానమునకు దోడ్పడును. దానితోపాటు నియమముగల దినచర్యయు, ఉపాధ్యాయుల యోర్పును గావలయును.

మిచిగన్ విశ్వవిద్యాలయమువారు వేలకొలది విద్యార్థులను బరిశీలించి 2015లో దెలిపిన దేమనగా: ఇట్టి మందు పుచ్చుకొనుచున్న పిల్లలు ఈ రుగ్మత లేనివారికంటె రెండురెట్లు వేధింపునకు గురియగుచున్నారు, మందును అమ్మినవారును, పంచినవారును నాలుగురెట్లకు మించి గురియగుచున్నారు. మందే వేధింపునకు గారణమని దీని భావము గాదు. కావున భయపడి దానిని మానిపింపరాదు.

తల్లి చేయవలసిన పనులు వేరు. మాత్రలపెట్టె తనచేత నుంచుకొని వారమున కొకసారి లెక్కింపవలయును. ఉదయము ఒక్కమారు వేసికొనినచో బడివేళ యంతయు బనిచేయు మాత్ర తగునేమో వైద్యు నడుగవలయును. ఒకరి మందు వేరొకరికి హానికరమనియు, ఇచ్చుట చట్టవిరుద్ధమనియు బిడ్డకు దెలుపవలయును. వేధింపు జరిగినచో "నీవే సర్దుకొనుము" అనక, ప్రధానోపాధ్యాయుని కడకు స్వయముగా బోవలయును. అన్నిటికంటె ముఖ్యము, బిడ్డ నిజము చెప్పిననాడు కోపపడకుండుట.

ఆ యిల్లాలట్లే చేసినది. ఇప్పుడా బాలుడు ప్రతిదినము ఉదయమున తల్లియెదుట మాత్ర వేసికొని, జేబులో నేమియు లేక నిశ్చింతగా బడికి బోవుచున్నాడు.