తిరుమలగిరి నుంచి మెదక్‌కు... తొక్కుకుంటూ!

కొండలంటే అరకు, నదీలోయ అంటే పాపికొండలు అనుకుంటాం. సికింద్రాబాద్‌లో తెల్లవారకముందే సైకిలెక్కితే మధ్యాహ్నానికల్లా ఒక ఘాట్ రోడ్డు, ఓ అడవి, ఏడు పాయలుగా చీలిన నది... అన్నీ చూసేయొచ్చు. కాకపోతే, తిరిగి ఇల్లు చేరడమే అసలు పరీక్ష!

ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నర. ప్యారడైజ్ చౌరస్తాలో బిర్యానీ గుండిగలు ఇంకా పొయ్యెక్కలేదు. పాల వ్యాన్లు, పేపర్ కట్టలు మోసే ఆటోలు తప్ప రోడ్డంతా ఖాళీ. ఆ చీకట్లో ఎర్రలైట్లు మిణుకుమిణుకుమంటూ తిరుమలగిరి వైపు కదులుతుంటాయి. దగ్గరికెళితే తెలుస్తుంది, అవి సైకిళ్లని. తలకు హెల్మెట్, వంటికి మెరిసే పట్టీల కోటు, సీటు కింద చిన్న సంచీలో రెండు ట్యూబులు, పంక్చర్ సామాను, జేబులో నాలుగు ఖర్జూరాలు. వీళ్లలో బ్యాంకు ఉద్యోగులుంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్లుంటారు, మనవలున్న తాతయ్యలూ ఉంటారు. ఎక్కడికని అడిగితే పక్క వీధిలోకి అన్నంత తేలిగ్గా 'మెదక్ దాకా' అంటారు.

సికింద్రాబాద్ నుంచి మెదక్ వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. రానుపోను రెండు వందలు. ఒక్క రోజులో!

గుర్రమెక్కిన దొర

ఈ దారికి పాత కథ ఒకటుంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. తిరుమలగిరి కంటోన్మెంటులోని ఆంగ్ల సిపాయిల మధ్య మతబోధ ఆయన మొదటి పని. అది రుచించక పల్లెల బాట పట్టి, 1896లో మెదక్ చేరాడు. అప్పట్లో అక్కడికి సరైన దారీ లేదు, బండీ లేదు. మెదక్ నుంచి హైదరాబాద్‌కు రావాలంటే అరవై మైళ్లు గుర్రం మీదే. అరవై మైళ్లంటే తొంభై ఆరు కిలోమీటర్లు. ఇప్పుడు ఆదివారం పూట సైకిళ్లు తొక్కేదీ సుమారుగా ఆ దూరమే.

సైకిళ్ల వాళ్లలో దూరప్రయాణాల సరదా ఉన్నవాళ్లకు రెండు వందల కిలోమీటర్లంటే ఒక లెక్క ఉంది. ఫ్రాన్సులో 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తిచేస్తే 'సూపర్ రాండన్యూర్'. ఇది పందెం కాదు. ముందొచ్చినా వెనకొచ్చినా ఒకటే సర్టిఫికెట్. దారిలో నిర్ణీత చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనకాల కారులో అన్నం క్యారియర్ పట్టుకుని ఇంట్లోవాళ్లు రాకూడదు. పంక్చరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. మన దగ్గర ఇలాంటి ప్రయాణాలు నిర్వహించే 'హైదరాబాద్ రాండన్యూర్స్' ఉంది. 2007లో మొదలైన హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ అంతకుముందే జంటనగరాల్లో సైకిల్‌ను మళ్లీ రోడ్డెక్కించింది.

పదమూడున్నర గంటలంటే గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా కాదు. ఇంతేనా అనిపిస్తుంది. టీ తాగే సమయం, పంక్చర్ సమయం, చెట్టుకింద నడుం వాల్చే సమయం అన్నీ అందులోనే అని గుర్తొచ్చేసరికి అరవయ్యో కిలోమీటరు దాటుతుంది.

నర్సాపూర్ మలుపులు

సుచిత్ర, బహదూర్‌పల్లి మీదుగా గండిమైసమ్మ చేరేసరికి తూరుపు తెల్లబడుతుంది. అవుటర్ రింగు రోడ్డును దాటితే ఊరు వదిలినట్టే. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ గోడ వెంట కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత బొంతపల్లి, గుమ్మడిదల. ఇక్కడిదాకా ఫ్యాక్టరీల ఘాటు ముక్కును వదలదు. గుమ్మడిదల దాటాక మెల్లగా టేకు ఆకుల వాసన మొదలవుతుంది. నర్సాపూర్ అడవి!

మరీ పెద్ద కొండలేం కావు. లంబసింగి వెళ్లొచ్చినవాళ్లు నవ్వుకోవచ్చు కూడా. కానీ సైకిల్ మీద కొండ ఎత్తును తొడలు కొలుస్తాయి. కారులో వెళ్లేటప్పుడు కంటికి ఆనని ఎగుడు కూడా ఇక్కడ గేరు మార్పిస్తుంది. మలుపుల్లో కోతుల గుంపులు రోడ్డు మీదే కాపురం పెట్టి ఉంటాయి. జనం విసిరే బిస్కెట్లకు, అరటిపండ్లకు అలవాటుపడి అడవి మానేశాయి. హ్యాండిల్‌కు తగిలించిన పండ్ల సంచీ కనబడితే లాక్కోవడం ఖాయం. ఫిబ్రవరి చివర్లో వెళితే మోదుగలు ఎర్రగా మండుతూ కనిపిస్తాయి. దసరా, దీపావళి రోజుల్లో రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు. వానాకాలంలో బొగ్గుల మీద కాల్చిన మక్కకంకులు. నర్సాపూర్‌లో రాయరావు చెరువు గట్టు దగ్గర ఆగి ఇడ్లీ తినకుండా ముందుకెళ్లే సైకిలు దాదాపు ఉండదు.

టీకొట్టు దగ్గర అడిగే ప్రశ్న మాత్రం ఏ కాలంలోనైనా ఒకటే. 'సారూ, సైకిల్ ఎంతయింది?' ధర చెబితే రెండో ప్రశ్న: 'ఆ పైసలకు మోటార్ సైకిలే వస్తది కదా!' దీనికి సరైన జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఏడుపాయల ఒడ్డున

నర్సాపూర్ దాటాక కౌడిపల్లి, కొల్చారం వైపు రోడ్డు దిగుతూ పోతుంది. సికింద్రాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంటే, మెదక్ దాదాపు 440 మీటర్లు. అంటే వంద మీటర్లు కిందికి వచ్చినట్టు. ఆ పల్లమంతా మంజీరా చెక్కిందే. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, చివరికి కందకుర్తి దగ్గర గోదారిలో కలుస్తుంది ఈ నది. సికింద్రాబాద్ వాళ్లకు మంజీరా కొత్త చుట్టమేం కాదు. 1965 నుంచి జంటనగరాల కుళాయిల్లోకి ఆ నీళ్లు వస్తున్నాయి. ఇంటి దగ్గర సీసాలో పట్టుకొచ్చిన నీళ్లలో నదిని అప్పటికే కొంత తాగేసి, ఇప్పుడు చూడ్డానికి వచ్చారన్నమాట.

పోతంశెట్టిపల్లి చౌరస్తాలో పక్కకు తిరిగితే ఏడుపాయల. రాళ్ల మధ్య నది ఏడు పాయలుగా చీలి, మళ్లీ ఒక్కటవుతుంది. నడుమ వనదుర్గమ్మ గుడి. శివరాత్రి జాతరకు ఇసుకేస్తే రాలనంత జనం. అప్పుడు సైకిల్ మాట మరిచిపోవాలి. ఎగువన సింగూరు గేట్లు ఎత్తితే గుడి ముందు నుంచే నీళ్లు ఉరకలేస్తాయి, దర్శనాలు ఆగిపోతాయి. 2025 ఆగస్టు వానలకు ఈ జిల్లా ఎంత అతలాకుతలమైందో చూశాం. వానాకాలంలో వెళ్లేవాళ్లు సింగూరు కబురు కనుక్కుని బయల్దేరడం మంచిది.

అక్కడి నుంచి మెదక్ దగ్గరే. చర్చి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. పోస్నెట్ కట్టించిన చర్చే అది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది. ఎత్తు 175 అడుగులు. మొదటి ప్రపంచ యుద్ధం, దానికి తోడు కరువు. ఊరికే గంజి పోయడం కాదు, పని ఇచ్చి తిండి పెట్టాలని ఆయన ఈ కట్టడం తలపెట్టాడు. మెతుకుసీమ అని పేరున్న చోట మెతుకు కోసం జనం రాళ్లు మోశారు. లోపల రంగుటద్దాల కిటికీల మీద క్రీస్తు కథ ఉంటుంది. ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మలు వెలుగుతాయి. మధ్యాహ్నానికి చేరుకునే సైకిళ్ల వాళ్లకు ఇదొక అదృష్టం.

తిరుగు దారి

అసలు కథ ఇక్కడ మొదలు. పొద్దున హాయిగా దిగిన వంద మీటర్లూ ఇప్పుడు ఎక్కాలి. నర్సాపూర్ వైపు వద్దనుకునేవాళ్లు రామాయంపేట వెళ్లి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, తూప్రాన్, మేడ్చల్ మీదుగా వస్తారు. రోడ్డు నున్నగా ఉంటుంది. భయం కూడా అక్కడే. పెద్ద కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోతే గాలి ముందు అవతలికి తోస్తుంది, వెంటనే లారీ వైపు లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం తప్ప చేసేదేం లేదు. నర్సాపూర్ దారినీ 765-డి జాతీయ రహదారిగా విస్తరించారు. దాంతో వాహనాల వేగమూ పెరిగింది.

ఇంకో ప్రమాదం సద్దు చేయదు. వరికోతల కాలంలో తారురోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. ముందు చక్రం తగిలితే మనిషి ఎగిరిపడాల్సిందే. అట్లని రైతును అనేదేముంది? కళ్లం చాలదు, మొగులు కమ్మింది, కొనుగోలు కేంద్రంలో తేమ చూస్తారు. ఆయనకు రోడ్డే దిక్కు. రోడ్డు వేసేటప్పుడు పక్కన ఆరబోత కళ్లాలూ కడితే ఇద్దరూ బతుకుతారు. సైకిళ్ల కోసం నగరంలో ఏం చేయలేదని కాదు. 2023 అక్టోబరులో అవుటర్ పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు, పైన సోలార్ కప్పుతో సహా. ముచ్చటగానే ఉంది. కాకపోతే అది నానక్‌రామ్‌గూడ, కొల్లూరు వైపు. సికింద్రాబాద్ వాళ్లు అక్కడికి సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్లాలి! వీళ్లకు కావలసింది మేడ్చల్, గండిమైసమ్మ దార్లలో తెల్లగీతకు అవతల ఒక్క గజం చదునైన అంచు. కంకర తేలకుండా, లారీలు ఆపకుండా.

అందుకే అలవాటైనవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే ఈ దారి పెట్టుకుంటారు. చీకటి పడకముందే మేడ్చల్ చేరేలా చూసుకుంటారు. ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు లేకుండా బయల్దేరరు. కొత్తవాళ్లయితే తొలిసారి నర్సాపూర్ దాకా వెళ్లి వెనక్కి రావడం మేలు. అదే వంద కిలోమీటర్లవుతుంది.

కాళ్లు మొరాయిస్తే ఒక దారి ఉంది. 2022 సెప్టెంబరులో మెదక్‌కు రైలొచ్చింది. అక్కన్నపేట నుంచి వేసిన పదిహేడు కిలోమీటర్ల కొత్త లైను అది. స్టేషన్‌లో అడిగి, సైకిల్‌ను సామానుగా బుక్ చేసుకుని మేడ్చల్, బొల్లారం మీదుగా కూర్చుని రావచ్చు. ఆ కార్డు మీద చివరి ముద్ర మాత్రం పడదు. మరుసటి ఆదివారం నాలుగున్నరకు మళ్లీ ప్యారడైజ్ దగ్గర నిలబడేవాళ్లలో అలా రైలెక్కి వచ్చినవాళ్లే ఎక్కువట!